జైలు భోజనం: మెనూ సరే, తూకం సంగతేంటి?

మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా దోషులుగా తేలనివాళ్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. బెయిల్ రాక, వచ్చినా జామీను దొరక్క, మంచి వకీలును పెట్టుకునే స్తోమత లేక లోపలే ఉండిపోయినవాళ్లు వీళ్లలో చాలామంది. జైలు తిండి గురించి మాట్లాడబోతే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నేరం చేసినవాడికి మంచి భోజనం దేనికండీ?" నేరం చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చని మనుషులే లోపల ఎక్కువగా ఉన్నారన్నది దానికి మొదటి జవాబు. శిక్ష పడినవాళ్ల విషయంలోనూ కోర్టు తీసుకున్నది వాళ్ల స్వేచ్ఛను మాత్రమే. పుల్లబడిన అన్నం, పురుగుల పప్పు, రక్తహీనత ఏ తీర్పులోనూ రాసి ఉండవు.

ఇంకో మాట కూడా తరచుగా వినిపిస్తుంది. బయట కూలి చేసుకునేవాడికే సరైన తిండి లేదు, లోపలివాడికి గుడ్డు కావాలా అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు, బయటి ఆకలి నిజం. కానీ బయట ఉన్న మనిషి ఎంత లేనివాడైనా రేషన్ బియ్యం తెచ్చుకుంటాడు, ఐదు రూపాయల క్యాంటీన్‌కి వెళ్తాడు, గుళ్లో అన్నదానం పంక్తిలో కూర్చుంటాడు, చుట్టాల ఇంటికి పోతాడు. జైలుగేటు మూసుకున్నాక ఈ దారులన్నీ మూసుకుపోతాయి. ఒక మనిషి తన తిండి తాను చూసుకునే వీలును ప్రభుత్వమే తీసేసుకున్నప్పుడు, ఆ తిండి బాధ్యత కూడా పూర్తిగా ప్రభుత్వానిదే అవుతుంది.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. చట్టం ఒకటి చెబుతుంది, డైట్ చార్టు ఒకటి చెబుతుంది, పళ్లెంలోకి ఇంకోటి వస్తుంది. ఈ మూడింటి మధ్య ఏం జరుగుతుందో చూస్తే తప్ప మనం ఎవరిని ఏం అడగాలో తెలియదు.

చట్టం ఎంతవరకు ఉంది

జైళ్లు రాజ్యాంగంలోని ఏడో షెడ్యూల్ ప్రకారం రాష్ట్రాల పరిధిలోని అంశం. అంటే చర్లపల్లిలో ఏం వండాలో, రాజమండ్రిలో ఎంత వడ్డించాలో ఢిల్లీ నిర్ణయించదు. కేంద్రం నమూనాలు మాత్రం ఇస్తుంది. 2003లో ఒక నమూనా జైలు మాన్యువల్, 2016లో మరొకటి వచ్చాయి. 2023లో నమూనా చట్టం కూడా తయారైంది. వాటిని తీసుకోవాలా, ఎంత తీసుకోవాలి అన్నది రాష్ట్రాల ఇష్టం. అందుకే పక్కపక్క రాష్ట్రాల్లో కూడా ఖైదీ పళ్లెం ఒకేలా ఉండదు.

రాజ్యాంగ హక్కు విషయంలో మాత్రం ఊగిసలాట లేదు. ఇందులో తెలుగు నేలకు సంబంధించిన ఒక తీర్పు ముఖ్యమైనది. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1974లో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని తేల్చి చెప్పింది. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా అది ఇప్పటికీ న్యాయవాదుల నోళ్లలో ఉంటుంది. తర్వాత వచ్చిన జైలు హక్కుల తీర్పులన్నిటికీ అదొక పునాది.

అయితే హక్కు ఎంతవరకు? దీనికి 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. తమిళనాడులో కండరాల క్షీణత వ్యాధి ఉన్న ఒక ఖైదీ, తనకు రోజూ గుడ్లు, మాంసం, గింజల్లాంటి ప్రొటీన్ ఆహారం ఇవ్వలేదని కోర్టుకెక్కాడు. కోరుకున్న ఖరీదైన పదార్థాలు అందనంత మాత్రాన ప్రాథమిక హక్కుకు భంగం కలిగినట్టు కాదని కోర్టు చెప్పింది. అదే తీర్పులో, ఆరోగ్యానికి అవసరమైన, వైద్యపరంగా తగిన ఆహారం అందించడం రాష్ట్రం బాధ్యతేనని, వికలాంగ ఖైదీల అవసరాలను జైళ్లు గుర్తించి తీరాలని కూడా చెప్పింది. తీర్పులో మొదటి సగాన్నే పట్టుకుని "ఖైదీకి అడిగే హక్కు లేదు" అనేవాళ్లుంటారు. కానీ కోర్టు కాదన్నది ఇష్టాన్ని, అవసరాన్ని కాదు.

అంతర్జాతీయంగా చూస్తే, ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబర్‌లో ఆమోదించిన మండేలా నియమాలు ఉన్నాయి. ఆరోగ్యానికి, బలానికి సరిపడా పోషకాలున్న భోజనం వేళకు పెట్టాలని, తాగునీరు అడిగినప్పుడల్లా దొరకాలని 22వ నియమం చెబుతుంది. తిండి, నీళ్లు తగ్గించడాన్ని శిక్షగా వాడకూడదని 43వ నియమం అంటుంది. ఆ నియమాలకు మండేలా పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది. మండేలా ఏళ్ల తరబడి ఖైదీగా ఉన్న రాబెన్ ఐలాండ్ జైలులో రంగును బట్టి తిండి మారేది. భారతీయ సంతతి ఖైదీలకు దొరికే రొట్టె నల్లజాతి ఖైదీలకు ఉండేది కాదు.

మనకూ అలాంటి చరిత్ర ఉంది. 1929లో భగత్ సింగ్, ఆయన సహచరులు లాహోర్ కుట్ర కేసులో నిరాహార దీక్షకు దిగినప్పుడు వాళ్ల డిమాండ్లలో మొదటి వరసలో ఉన్నది తిండే. రాజకీయ ఖైదీలకు కనీసం యూరోపియన్ ఖైదీలతో సమానమైన స్థాయి భోజనం కావాలని అడిగారు. ఆ దీక్షలో 63వ రోజున, సెప్టెంబర్ 13న జతీన్ దాస్ కన్నుమూశాడు. జైలు పళ్లెం చిన్న విషయమని ఆ తరం అనుకోలేదు.

కేలరీల లెక్కలో కనిపించనిది

2003 నమూనా మాన్యువల్ ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 2,000 నుంచి 2,400 కేలరీలు కావాలి. బరువు పనులు చేసేవాళ్లకు 2,800 దాకా ఇవ్వొచ్చు. అంకె బాగానే ఉంది. కానీ కేలరీలను బియ్యంతో నింపడం చాలా తేలిక. వంద గ్రాముల బియ్యం 350 కేలరీల దాకా ఇస్తుంది. రోజుకు 600 గ్రాముల బియ్యం వండిపెడితే 2,100 కేలరీలు వచ్చేస్తాయి, కాగితం మీద ఖైదీ కడుపు నిండిపోతుంది. పక్కన పలచటి సాంబారు పోస్తే లెక్క సరిపోతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెం ఇలా ఉండదు. 2,000 కేలరీల రోజువారీ భోజనంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలని ఆ సంస్థ అంటుంది. ఇంత బయట మనమే తినడం లేదన్నది నిజమే. కానీ దిశ ఏమిటో తెలుస్తోంది కదా: అన్నం తగ్గాలి, పప్పు, కూర, పెరుగు పెరగాలి. ఆ పెరగాల్సినవే ఖరీదైనవి, తొందరగా పాడయ్యేవి, సులువుగా మాయమయ్యేవి.

ఉత్త తెల్లన్నం మీద జైళ్లను నడిపితే ఏమవుతుందో వైద్యశాస్త్రం నేర్చుకున్నదే జైళ్లలో. 1890లలో డచ్చి పాలనలోని జావాలో వోర్డర్‌మన్ అనే వైద్యాధికారి వందకు పైగా జైళ్లలో ఖైదీలు తినే బియ్యాన్ని పరిశీలించాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యం పెట్టిన జైళ్లలో బెరిబెరి (బి1 విటమిన్ లోపంతో నరాలు, గుండె దెబ్బతినే జబ్బు) విజృంభించింది, దంపుడు బియ్యం పెట్టినచోట దాదాపు కనిపించలేదు. ఆ పరిశీలనకు దారి చూపిన ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. ఈ జబ్బు మనకు కొత్తదేం కాదు, పాలిష్ పచ్చిబియ్యం తినే కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరుపడ్డాయి.

ఇవాళ్టి జైలుకు అంతకన్నా పెద్ద ప్రమాదం క్షయ. గాలి ఆడని బ్యారక్‌లో ఒకరి దగ్గు పది మందికి అంటుకుంటుంది. తిండి సరిగా లేని ఒంట్లో అది జబ్బుగా మారుతుంది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, క్షయ రోగుల కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం ఇస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. అది జైలులో చేసిన అధ్యయనం కాదు గానీ, ఒకే గదిలో పడుకునే మనుషులకు ఆ పాఠం వర్తించదని చెప్పడానికి కారణం కనిపించదు. విచారణ ఖైదీలు వస్తుంటారు, పోతుంటారు. వార్డర్లు డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్తారు. లోపలి జబ్బు లోపలే ఉండదు.

యాభై ఆరు రూపాయలు

ఇక డబ్బు సంగతి. 2019లో దేశంలోని జైళ్లు ఖైదీల కోసం 2,060.96 కోట్లు ఖర్చుపెట్టాయి. అందులో తిండికి 986.18 కోట్లు, అంటే 47.9 శాతం. ఆ ఏడాది చివరికి ఉన్న 4,78,600 మందికి పంచి చూస్తే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 56 రూపాయలు. టీ, టిఫిన్, రెండు పూటల భోజనం, అన్నీ అందులోనే. ఇది దేశం మొత్తం సగటు, రాష్ట్రాన్ని బట్టి తేడా ఉంటుంది. టోకున సరుకు కొని, పని మనిషికి జీతం లేకుండా వండుకుంటే 56 రూపాయలకు తినదగిన భోజనం పెట్టడం అసాధ్యమేం కాదు. కానీ ఆ 56లో ఏ ఐదో పదో దారిలో జారిపోతే భోజనం స్వరూపమే మారిపోతుంది. అంత బిగువైన లెక్కలో దుబారాకు చోటు లేదు.

జారిపోవడం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. వంద మంది ఉన్న ఒక సబ్ జైలు అనుకోండి. డైట్ స్కేలు, అంటే ఒక్కో ఖైదీకి ఇవ్వాల్సిన సరుకుల కొలత, తలకు వంద గ్రాముల కందిపప్పు అంటే రోజుకు పది కిలోలు గోదాం నుంచి రావాలి. పొద్దున్నే ఇండెంట్ (గోదాం నుంచి కావాల్సిన సరుకుల చీటీ) రాస్తారు, పది కిలోలని రిజిస్టర్‌లో ఎక్కుతుంది. నిజంగా వంటగదికి చేరింది ఎనిమిదైతే? గుండిగలో నాలుగు చెంబుల నీళ్లు ఎక్కువ పోస్తారు. పప్పు పలచబడుతుంది, గరిటల లెక్క మాత్రం తగ్గదు. కందిపప్పులో ప్రొటీన్ నూటికి దాదాపు 22 గ్రాములు. ప్రతి ఖైదీ పళ్లెంలోంచి రోజూ నాలుగు గ్రాములకు పైగా ప్రొటీన్ అలా నీళ్లలో కలిసిపోయింది. రిజిస్టర్ తిరగేస్తే తప్పు దొరకదు. మెనూ బోర్డు మీద "పప్పు" అనే ఉంటుంది, పళ్లెంలోనూ పప్పే ఉంటుంది. అందుకే మెనూ మార్చమని అడిగితే సమస్య తీరదంటాను. ఆదివారం చికెన్ పెడుతున్నారా అని అడిగే విలేకరి, ఆ చికెన్ వంద మందికి ఎన్ని కిలోలు వచ్చిందో కూడా అడగాలి.

తూకం అడిగినవాళ్లకు ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. 2017 జూన్‌లో ముంబయిలోని బైకుల్లా మహిళా జైలులో ఒక ఖైదీ చనిపోయింది. రేషన్‌లో రెండు గుడ్లు, ఐదు పావ్‌లు తక్కువ వచ్చాయన్న గొడవ తర్వాత సిబ్బంది ఆమెను కొట్టి చంపారన్నది ఆరోపణ. ఆరుగురు జైలు ఉద్యోగులను అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే అదే జైలులో పదుల సంఖ్యలో మహిళలు ఫుడ్ పాయిజన్ అనుమానంతో ఆస్పత్రి పాలయ్యారు. లోపలివాళ్లే ఫిర్యాదు చేసి బాగుచేసుకోవాలని ఆశించడం ఎంత అన్యాయమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తూకం చూసే మనిషి బయటివాడై ఉండాలి.

మిగిలిన డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఎంత ముఖ్యమో అమెరికాలోని అలబామా రాష్ట్రం చూపించింది. అక్కడ ఒక్కో ఖైదీ తిండికి రాష్ట్రం రోజుకు 1.75 డాలర్లు ఇచ్చేది. పెట్టగా మిగిలింది షెరీఫ్, అంటే కౌంటీ జైలును నడిపే పోలీసు అధికారి, సొంతానికి తీసుకోవచ్చని 1930ల నాటి చట్టాన్ని అర్థం చేసుకుంటూ వచ్చారు. ఒక కౌంటీ షెరీఫ్ ఖైదీలకు వారాల తరబడి మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్‌లే పెట్టి, మూడేళ్లలో 2,12,000 డాలర్లు మిగుల్చుకున్నాడు. 2009లో ఫెడరల్ జడ్జి అతన్నే ఒక రాత్రి జైలుకు పంపాడు. 2018లో మరో షెరీఫ్ ఈ పద్దు కింద ఏడున్నర లక్షల డాలర్లు తీసుకున్నట్టు, సముద్రం ఒడ్డున ఇల్లు కొన్నట్టు బయటపడింది. 2019లో చట్టం మార్చి, తిండి డబ్బు వేరే ఖాతాలో ఉండాలన్నారు. మన దగ్గర అలా మిగుల్చుకోమనే చట్టం లేదు. కానీ తిండి ఖర్చు తగ్గించినవాడికి లాభం, పెంచినవాడికి ఆడిట్ అభ్యంతరం అన్న ఏర్పాటు ఉన్నంతకాలం ఏ దేశంలోనైనా పళ్లెం పలచబడుతూనే ఉంటుంది.

సాయంత్రం ఐదు గంటల అన్నం

తూకం తర్వాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేళ. నమూనా మాన్యువల్ మూడు పూటల తిండి చెబుతుంది: పొద్దున పనికి ముందు అల్పాహారం, మధ్యాహ్న భోజనం, లాకప్‌కు ముందు సాయంత్రం భోజనం. లాకప్ అంటే చీకటి పడకముందే లెక్క చూసుకుని బ్యారక్‌లకు తాళాలు వేయడం. కాబట్టి రాత్రి భోజనం ఐదింటికో ఐదున్నరకో చేతికొస్తుంది. ఎవరికి ఆకలేస్తుంది అప్పుడు? చాలామంది గిన్నె మీద ఏదైనా కప్పి పక్కన పెట్టుకుంటారు, ఎనిమిదింటికో తొమ్మిదింటికో తింటారు. మే నెలలో, రేకుల కప్పు లేదా ఎండకు కాగిన స్లాబు కింద, సరైన గాలి లేని గదిలో మూడు నాలుగు గంటలు ఉన్న అన్నం సంగతి మన అమ్మలకు బాగా తెలుసు.

దీని వెనక సూక్ష్మజీవుల పని ఉంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలిచి పెరుగుతాయి, విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వేడి ఆహారం 60 డిగ్రీలకు పైన, చల్లనిది 5 డిగ్రీలకు లోపు ఉండాలని ఆహార భద్రత నియమాలు చెప్పేది ఇందుకే. బ్యారక్‌లో ఈ రెండూ లేవు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. సాయంత్రం ఐదున్నరకు తింటే మర్నాడు ఏడింటి వరకు ఏమీ ఉండదు. ఇన్సులిన్ తీసుకునే మనిషికి పదమూడు గంటల ఖాళీ కడుపు ప్రమాదం. అర్ధరాత్రి షుగర్ పడిపోతే తాళం వేసిన గదిలో పిలిస్తే పలికేదెవరు? ఈ సమస్యకు కోట్ల రూపాయల బడ్జెట్ అక్కర్లేదు. సాయంత్రం భోజనాన్ని గంటన్నర ఆలస్యంగా పెట్టడం, వేడి నిలిచే డబ్బాల్లో బ్యారక్‌కు పంపడం, షుగర్ రోగులకు రాత్రికి నాలుగు బిస్కెట్లో ఒక అరటిపండో ఇచ్చి ఉంచడం చాలు. సిబ్బంది షిఫ్టులు మార్చాల్సి వస్తుంది, అదే అసలు అడ్డంకి. లాకప్ వేళను మార్చకుండా వంట మాత్రం బాగుచేస్తామంటే సగం పనే అవుతుంది.

జబ్బున్నవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు పళ్లెంలో ఏముందన్నది ఒక్కటే చాలదు, ఆ మనిషి తినగలడా అన్నది కూడా చూడాలి. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే ఆదివాసీ హక్కుల కార్యకర్త ఫాదర్ స్టాన్ స్వామి 2020లో తలోజా జైలులో ఉండగా, నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కోసం కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు 83 ఏళ్లు.

వండేది ఎవరు, వండనిచ్చేది ఎవరిని

సెంట్రల్ జైలులో శిక్ష పడిన ఖైదీలు వండుతారు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉండేసరికి కొందరికి మంచి చేయి కుదురుతుంది. సబ్ జైలులో ఉండేది ఎక్కువగా రిమాండ్ ఖైదీలు. శిక్ష పడనివాళ్లతో బలవంతంగా పని చేయించకూడదు. ఇష్టపడి ముందుకొచ్చినవాడు వండుతాడు, బెయిల్ రాగానే వెళ్లిపోతాడు. వచ్చేవారం ఇంకొకడు. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి, పచ్చి మాంసం కోసిన కత్తిని కూరగాయలకు వాడకూడదనే దాకా ఎవరూ నేర్పరు. దేశంలో 570కి పైగా సబ్ జైళ్లున్నాయి, తాలూకా ఊళ్లలో, పాత భవనాల్లో. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ, చాలా జైళ్లలో వంటగదులు ఇరుకుగా, అపరిశుభ్రంగా ఉన్నాయని, తిండి ఏళ్ల తరబడి మారలేదని చెప్పింది. నా దృష్టిలో అందరికన్నా ముందు శ్రద్ధ పెట్టాల్సింది ఈ చిన్న జైళ్ల మీదే. పేరున్న ఖైదీలు సెంట్రల్ జైలుకు వెళ్తారు, కెమెరాలూ అక్కడికే వెళ్తాయి.

పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2022 లెక్క ప్రకారం మొత్తం మీద జైళ్ల సామర్థ్యం కన్నా ఖైదీలు తక్కువే. దేశ సగటు సామర్థ్యంలో 131 శాతం దాటిన చోట, మనకు కిక్కిరిసిపోయామన్న సాకు లేదు. బాగుచేయాలనుకుంటే ఇక్కడ తేలిక.

వంటగదిలో కులం సంగతి దాటేయలేం. 1840లలో బీహార్ జైళ్లలో ఎవరి వంట వాళ్లు చేసుకునే పద్ధతి తీసేసి ఉమ్మడి వంట పెట్టినప్పుడు తిరుగుబాట్లు జరిగాయి. బ్రిటిష్ అధికారులు దానికి కనిపెట్టిన పరిష్కారం, "తగిన కులం" వంటవాళ్లను పెట్టడం. ఆ రాత కొన్ని రాష్ట్రాల మాన్యువళ్లలో మొన్నమొన్నటి దాకా ఉండిపోయింది. పశ్చిమ బెంగాల్ నియమాల్లో ఆ మాట యథాతథంగా ఉంది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇలాంటి నియమాలన్నిటినీ కొట్టేసింది. వంట ఒక కులానికి, పాకీ పని ఇంకో కులానికి అని పంచడం రాజ్యాంగ విరుద్ధమంది. మూడు నెలల్లో మాన్యువళ్లు మార్చమంది. మాన్యువల్ మారడం ఒకటి, వంటగదిలో గరిటె ఎవరి చేతిలో ఉందన్నది మారడం ఇంకొకటి. రెండోదాన్ని లోపలికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

ఇంటి క్యారియర్, జైలు క్యాంటీన్

2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు నాయుడు రాజమండ్రి సెంట్రల్ జైలులో రిమాండ్‌లో ఉన్నప్పుడు విజయవాడ ఏసీబీ కోర్టు ఇంటి భోజనానికి అనుమతి ఇచ్చింది. 2024 మార్చిలో కల్వకుంట్ల కవితకు తీహార్ జైలులో ఢిల్లీ కోర్టు అలాంటి అనుమతే ఇచ్చింది. పెద్దవాళ్లకు ఒక న్యాయమా అని అప్పట్లో జనం కోపగించుకున్నారు. నిజానికి 1894 నాటి జైళ్ల చట్టం 31వ సెక్షనే, శిక్ష పడని ఖైదీ బయటి నుంచి ఆహారం తెప్పించుకోవచ్చని, తనిఖీకి, నిబంధనలకు లోబడి, చెబుతోంది. వాళ్లకు దొరకడం తప్పు కాదు, మిగతావాళ్లకు దొరక్కపోవడం తప్పు. కొడుకును చూడటానికి మారుమూల ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, ములాఖత్ దగ్గర డబ్బా తెరిచి చూపించి వెనక్కి పట్టుకుపోవాల్సి వస్తోందంటే, భద్రత పేరుతో చట్టంలోని హక్కునే మింగేస్తున్నట్టు. ఇంటి తిండిలో నిషేధిత వస్తువులు వస్తాయన్న భయం అర్థం లేనిదేం కాదు. అందుకు తనిఖీ ఉంది.

ఇక క్యాంటీన్. ఇంటివాళ్లు ఖైదీ పేరున డబ్బు జమ చేస్తే, లోపల పచ్చడి, బిస్కెట్లు, గుడ్లలాంటివి కొనుక్కోవచ్చు. ఇది ఉండాల్సిందే. కానీ ప్రతి జైలులో ఎవరూ చూడటానికి రానివాళ్లు కొందరుంటారు. వలస కూలీలు, ఇల్లు వదిలేసిన ముసలివాళ్లు, కుటుంబం వెలివేసిన ఆడవాళ్లు. "క్యాంటీన్ ఉంది కదా" అని గుండిగ పలచబడనిస్తే ముందుగా మాడేది వీళ్ల కడుపే.

ఆడవాళ్ల జైలులో పిల్లలు కూడా ఉంటారన్నది చాలామందికి తెలియదు. ఆరేళ్ల లోపు బిడ్డను తల్లి తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు, ఆ పిల్లలకు ఆహారం, వైద్యం, బట్ట, చదువు, ఆట హక్కుగా దక్కాలని, వయసును బట్టి వేరే డైట్ స్కేలు ఉండాలని, తాగునీటిని ఎప్పటికప్పుడు పరీక్షించాలని చెప్పింది. మన రాష్ట్రం పేరు మీద ఉన్న తీర్పు. కాబట్టి తల్లి వాటాలోంచి పిల్లకు పెట్టుకోమనడం కుదరదు.

అడగాల్సినవి

సంస్కరణ అంటే పెద్ద పెద్ద మాటలొద్దు. అడగగలిగే చిన్న పనులున్నాయి. ఆహార భద్రత చట్టం 2006 నిర్వచనంలో, లాభం కోసమైనా కాకపోయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆహారం అందించే సంస్థ ఏదైనా వస్తుంది. హోటళ్లలో శాంపిళ్లు తీసే ఫుడ్ సేఫ్టీ అధికారి జైలు వంటగదిలో ఎందుకు తీయకూడదు? ఉత్తరప్రదేశ్‌లోని ఫతేగఢ్ జిల్లా జైలుకు 2022లో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఐదు నక్షత్రాల సర్టిఫికెట్ ఇచ్చింది. అలాంటి తనిఖీలు జైళ్లకు సాధ్యమేనని దాంతో తేలింది. అయితే సర్టిఫికెట్ ఏడాదికో రెండేళ్లకో వచ్చేది. పప్పు రోజూ వండేది. రోజువారీ తూకం చూడటానికి ఇంకో కన్ను కావాలి.

ఆ కన్ను చట్టంలో ఇప్పటికే ఉంది, విజిటర్ల బోర్డు పేరుతో. న్యాయ, రెవెన్యూ, వైద్య అధికారులతో పాటు అనధికార సభ్యులు కూడా ఉండాలి. వాళ్లు వంటగది చూడొచ్చు, రిజిస్టర్ చూడొచ్చు, ఖైదీలతో మాట్లాడొచ్చు. ఖైదీల హక్కుల మీద నడిచిన సునీల్ బత్రా రెండో కేసులో సుప్రీంకోర్టు, జైలులో ఫిర్యాదుల పెట్టెలు జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆదేశాల కింద ఉండాలని చెప్పింది, జైలు సిబ్బంది చేతిలో కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి జైలుకు వెళ్లే న్యాయవాదులు, పారా లీగల్ వాలంటీర్లు బెయిల్ సంగతులతో పాటు ఒక పూట తిండి చూసి రాస్తే అదే సాక్ష్యం అవుతుంది. హోం సైన్స్ కాలేజీలున్న ఊళ్లలో అధ్యాపకులను అనధికార సభ్యులుగా వేస్తే ఇంకా మంచిది, వాళ్లకు పప్పు చిక్కదనం చూస్తే లెక్క తెలిసిపోతుంది.

మీ ఊళ్లో సబ్ జైలు ఉంటే మీరు చేయగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. కారణం చెప్పనక్కర్లేదు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. "భోజనం బాగుందా" అని అడిగితే "బాగుంది" అని జవాబొస్తుంది. అలా కాకుండా అమల్లో ఉన్న డైట్ స్కేలు జీవో కాపీ, గడిచిన మూడు నెలల్లో రోజువారీగా ఖైదీల సంఖ్య, అవే రోజులకు గోదాం నుంచి విడుదలైన బియ్యం, పప్పు, నూనె, గుడ్ల తూకాలు, టెండర్ ధరలు, సాయంత్రం భోజనం వడ్డించే వేళ, తాగునీటి పరీక్ష నివేదిక అడగండి. ఖైదీల సంఖ్యను స్కేలుతో గుణించి, విడుదలైన తూకంతో పోల్చితే కాగితం మీది తేడాలు అక్కడే బయటపడతాయి. గుండిగ దగ్గర జరిగే తేడా దొరకాలంటే బోర్డు సభ్యుడు ముందు చెప్పకుండా పొద్దున ఇండెంట్ వేళకు వెళ్లాలి. విజిటర్ల బోర్డు చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఆ రోజు పుస్తకంలో ఏం రాశారో కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు. జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లాలి. వస్తే ఒక కాపీ జిల్లా జడ్జికి, ఒకటి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, ఒకటి ఊళ్లోని విలేకరికి ఇవ్వాలి.